ఓటీపీ దుబాయ్‌కి పోతోంది మేడమ్!

ఈసారి కాలేజీ అప్లికేషన్ల గురించి వచ్చిన మూడు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. మొదటిది పొడుగ్గా ఉంది గానీ కత్తిరించబుద్ధి కాలేదు. నేను పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పిన ఇరవై తొమ్మిదేళ్లలో ఇలాంటి పిల్లలు ఎంతోమంది స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి, అడగడానికి మొహమాటపడి వెనక్కి వెళ్లిపోయారు. ఈ అమ్మాయి రాసి అడిగింది. మంచి పని చేసింది.

జగిత్యాల జిల్లా నుంచి ఇంటర్ విద్యార్థిని

మేడమ్, మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్. ఫస్టియర్‌లో 470కి 431 వచ్చాయి. నాన్న దుబాయ్‌లో పని చేస్తాడు. అమ్మ బీడీలు చేస్తుంది. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. మేము బీసీ-బి. మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో రోజూ లింకులు వస్తాయి. జేఈఈ, బిట్‌శాట్, సీయూఈటీ లాంటి ఎంట్రన్సులవి, ఇంకా ఏవేవో డీమ్డ్ యూనివర్సిటీలవి. అన్నీ రాసుకుంటే పద్నాలుగు అయ్యాయి. ఫీజులు కూడితే అమ్మకు చెప్పడానికే భయమేసింది. మొన్న నెట్ సెంటర్‌కి పోతే ఆధార్ ఓటీపీ అడిగింది. నా ఆధార్‌కి నాన్న నంబరు ఉంది. ఓటీపీ దుబాయ్‌కి పోతోంది మేడమ్! నాన్న సైట్ మీద ఉంటే ఫోన్ చూసుకోడు. చూసి చెప్పేసరికి టైం అయిపోయింది. పుస్తకం తెరిస్తే అప్లికేషన్లు గుర్తొస్తున్నాయి, అప్లికేషన్ల గురించి ఆలోచిస్తే చదవాల్సింది గుర్తొస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఆధార్ సెంటర్ దగ్గర మొదలుపెట్టు తల్లీ. నేను తమాషాకి అనడం లేదు. నీ పద్నాలుగు లింకులనూ పక్కన పెట్టి, ఈ శనివారం అమ్మను తీసుకుని వెళ్లి, నీ ఆధార్‌కి అమ్మ దగ్గరుండే ఫోన్ నంబరు పెట్టించు. వేలిముద్ర వేస్తే చాలు, పాత నంబరుకు ఓటీపీ అక్కర్లేదు. ఇక వచ్చే ఆగస్టు దాకా ఆ నంబరు మారకూడదు. ఆఫర్ వచ్చిందని వేరే సిమ్‌కి మారడం, రీచార్జ్ ఆపేయడం ఏదీ వద్దు. జేఈఈకైనా, మన రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌కైనా, డిగ్రీ చేరడానికి దోస్త్‌కైనా, చివరికి స్కాలర్‌షిప్‌కైనా అన్ని తలుపులకూ తాళంచెవి ఆ ఒక్క నంబరే. ఒక మెయిల్ ఐడీ కూడా నువ్వే తెరువు. నెట్ సెంటర్ అబ్బాయి తెరిచి ఇచ్చింది వద్దు. దాని పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఒకటే. నువ్వు మూడు వేర్వేరు పనుల్ని ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్నావు. కాగితాలు సిద్ధం చేసుకోవడం ఒక పని. ఫారాలు నింపడం ఇంకో పని. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని తేల్చుకోవడం మూడో పని. మొదటిది ఇప్పుడు. రెండోది ఆయా తేదీలు వచ్చినప్పుడు, ఒక్కోటీ అరగంట. మూడోది ర్యాంకు వచ్చాక, జూన్ దాటాక. ఇప్పుడు నీకు నిద్ర పట్టనివ్వనిది ఆ మూడోదే, దానికి ఇంకా ఏడు నెలల టైం ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ర్యాంకే రాకుండా కాలేజీల లిస్టుతో కొట్లాట ఎందుకు? అప్లికేషన్ పెట్టినంత మాత్రాన ఆ కాలేజీలో చేరతానని మాటిచ్చినట్టు కాదు. తలుపు తెరిచి ఉంచుకోవడం, అంతే.

ఇక కాగితాలు. మా కాలేజీని ప్రతి వేసవిలో సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి హెల్ప్‌లైన్ సెంటర్ చేసేవాళ్లు. ఫ్యాన్ తిరగని గదిలో, నా బల్ల ముందు రోజుకి నూటయాభై మంది. వాళ్లలో ఏడ్చి వెళ్లినవాళ్లెవరూ ర్యాంకు రాక ఏడ్చినవాళ్లు కాదు. కాగితం లేక ఏడ్చినవాళ్లు. ఒకసారి ఒక రైతు తన కొడుకుని తీసుకొచ్చాడు. బట్టల షాపు కవర్‌లో అన్నీ పొందిగ్గా పెట్టుకొచ్చాడు, ఏడో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఒక్కటి తప్ప. ఆ స్కూలు మూతపడి నాలుగేళ్లయింది. స్కూలే లేకపోతే సర్టిఫికెట్ ఎవరిస్తారని ఆయన నన్ను అడిగాడు. మూతపడ్డ స్కూలు రికార్డుల కోసం మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలని చెప్పాను. మరి ఆయనకి అప్పటికి మిగిలింది ఒక్క రోజు! నవంబరులో తెలిసుంటే అదొక పనే కాదు.

కాబట్టి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టు. నువ్వు తెలంగాణలో లోకల్ అని తేలేది వాటితోనే, కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే సీట్లలో, 85 శాతం లోకల్ పిల్లలకే. స్కూలు మారి ఉంటే రెండు స్కూళ్లకీ వెళ్లాలి. సంక్రాంతి సెలవుల ముందే వెళ్లు. పరీక్షల సీజన్ మొదలైతే ఆఫీసులో క్లర్కు నీ మొహం చూడడు.

తర్వాత ఇంకో చిన్న పని చెయ్యి. రాత్రి అన్నాలయ్యాక పదో తరగతి మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం చదువు. చూసీచూడనట్టు కాదు, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుని చదవాలి. మన పేర్లతో ఎన్ని తంటాలో నీకు తెలీదు. లత అని ఉంటే ఒక దాంట్లో టీ పక్కన హెచ్ ఉంటుంది, ఇంకో దాంట్లో ఉండదు. మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటే, ఆధార్‌లో పేరు వెనకాల పూర్తిగా ఉంటుంది. నాన్న పేరు ఒక చోట రాజయ్య, ఇంకో చోట రాజేశం. పుట్టిన తేదీ కూడా చూడు. తేడా ఉంటే మెమోలో ఉన్నదాన్నే ఖాయం చేసుకుని ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్పించు. ఎలాగూ ఫోన్ నంబరు కోసం వెళ్తున్నావు కదా, అదే రోజు ఇదీ అయిపోతుంది. అందుకే వెళ్లే ముందు రాత్రే ఈ చదువుడు పెట్టుకోమంటున్నాను.

కులం సర్టిఫికెట్ మీసేవలో తీసుకున్నది ఉంటే చాలు. జేఈఈకి మాత్రం సెంట్రల్ ఓబీసీ నమూనాలో వేరే సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు, మీ కులం అందులో ఉందో లేదో చూసుకో. పైగా జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే సంస్థ) సీట్ల టైంలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే చెల్లుతుంది. ఆదాయం సర్టిఫికెట్ అయితే ఇప్పుడు అసలు తీసుకోవద్దు! ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి, సీటు వచ్చే ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చిందే అడుగుతారు. డిసెంబరులో ఉత్సాహంగా తీసుకుని, జూన్‌లో మళ్లీ మీసేవ లైన్‌లో నిలబడ్డవాళ్లని ఎంతమందిని చూశానో. ఊళ్లో ఉండే బీసీ కుటుంబానికి పరిమితి ఏడాదికి లక్షన్నర. నాన్న దుబాయ్ సంపాదన కూడా అందులో కలుస్తుంది, అది దాచిపెట్టే ఆలోచన చేయకండి. అమ్మకి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉందా? ఉంటే దాన్నీ ఫైల్లో పెట్టు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. మీ వైపు ఇంటింటికీ బీడీలు చేస్తారు గానీ ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కాగితాల పని ఇంతే. రెండు శనివారాలు, ఒక రాత్రి.

ఇప్పుడు నీ పద్నాలుగు లింకులు. నేనైతే వాటిలో మూడు ఉంచుతాను. ఒకటి ఈఏపీసెట్. ఇది నీ అసలు పరీక్ష. 160 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో సగం లెక్కలే, తప్పు రాస్తే మార్కులు కోయరు. తెలంగాణలో ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు, కానీ గ్రూప్ సబ్జెక్టుల్లో బీసీలకు 40 శాతం ఉండాలి. నీకది సమస్య కాదు. ఫారం ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో వస్తుంది. ఫీజు 900. గడువు దాటితే లేట్ ఫీజు 250తో మొదలై 5 వేల దాకా పోతుంది, కాబట్టి మొదటి వారంలోనే కట్టెయ్.

రెండోది జేఈఈ మెయిన్. కోచింగ్ లేదు కదా, ఎందుకని అడుగుతావేమో. మీ నాన్న ఉండేది ఎక్కడైనా, నువ్వు ఇంటర్ పాసయ్యేది తెలంగాణలో. జేఈఈ ర్యాంకుతో సీటిచ్చే కేంద్ర ప్రభుత్వ కాలేజీ వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు తెలంగాణలో ఇంటర్ చదివినవాళ్లకే. ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. ఓబీసీ అమ్మాయిలకు ఫీజు 800. జనవరి విడత రిజిస్ట్రేషన్‌కి ఆధార్ పని అయ్యేలోపు గడువు దాటిపోతే దాటిపోనీ, బెంగపెట్టుకోకు. ఏప్రిల్ విడతకు ఫిబ్రవరిలో మళ్లీ తెరుస్తారు. ఒక్కసారి రాసినా చాలు.

మూడోది దోస్త్. డిగ్రీ సీట్ల కోసం, 2016 నుంచి ఉంది. ఇంటర్ ఫలితాలు వచ్చాకే తెరుస్తారు, మొదటి విడత రిజిస్ట్రేషన్ 200. ఇంజినీరింగ్ అనుకుంటున్నావు కాబట్టి దోస్త్ ఎందుకంటావా? పక్కన పెట్టుకునే గొడుగు. లెక్కలు ఇష్టమైతే బీఎస్సీ చిన్న చదువేం కాదు, ఈ మాట లెక్కల టీచర్‌గా కాస్త పక్షపాతంతోనే చెబుతున్నాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఎమ్మెస్సీ చేయాలని ఉంటే మాత్రం నాలుగోదిగా సీయూఈటీ కలుపుకో. లేదంటే దాన్నీ తీసెయ్.

మిగతా పదీ డిలీట్. డీమ్డ్ యూనివర్సిటీ ఫారాలు చాలావాటికి వెయ్యి పైమాటే. సీటొచ్చినా ఆ ఫీజులకు మన ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ లెక్కలేవీ వర్తించవు. ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో అయితే బీసీ విద్యార్థికి 10 వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది, దాటితే 35 వేల వరకు ఇస్తుంది. సర్కారు ఆ డబ్బు కాలేజీలకు ఎప్పుడు చెల్లిస్తుందన్నది వేరే కథ, దానికి ఈ పేజీ చాలదు. మీ జిల్లాలోనే నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఒక ఆదివారం కొండగట్టు వెళ్లినప్పుడు అటు ఒక చూపు చూసి రా. చేరమని కాదు. కాలేజీ అంటే నీ కళ్ల ముందు ఒక గేటు, నాలుగు చెట్లు కనబడాలి. వాట్సాప్ పోస్టర్ కాకుండా.

నెట్ సెంటర్ గురించి ఒక మాట. 2012లో మా అమ్మాయికి వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో వరసగా ఆన్‌లైన్‌లో, పెట్టాల్సిన రోజు నాకు డ్యూటీ పడింది. ఊరందరి సర్టిఫికెట్లూ నేను చూస్తూ కూర్చుని, నా కూతుర్ని నెట్ సెంటర్‌కి పంపాను. అక్కడి కుర్రాడు లిస్టు చూసి గబగబా కొట్టేశాడు. ఒకే పేరుతో రెండు కాలేజీలు ఉన్నాయి, కోడ్‌లో ఒక్క అక్షరం తేడా. మూడో ఆప్షన్‌గా మేం అనుకున్న కాలేజీ బదులు డెబ్భై కిలోమీటర్ల అవతలి కాలేజీ పడింది, సీటూ అందులోనే వచ్చింది. ఇంటికొచ్చి ప్రింటవుట్ చూసుకుని ఉంటే గడువులోపల మార్చుకునేవాళ్లం. నేను చూడలేదు. లెక్కల టీచర్ని! అది నాలుగేళ్లూ బస్సులో వెళ్లొచ్చింది, ఇప్పటికీ ఆ మాటెత్తితే నవ్వుతుంది గానీ నాకు నవ్వు రాదు. అందుకని నెట్ సెంటర్లో టైప్ ఎవరు చేసినా పర్లేదు, సబ్మిట్ నొక్కే ముందు కుర్చీలో నువ్వు కూర్చుని పైనుంచి కింద దాకా చదువు. వెనకాల లైన్ ఉందని అతను విసుక్కుంటాడు. విసుక్కోనీ. నంబరు దగ్గర తన నంబరు కొట్టాడేమో కూడా చూడు. 'తర్వాత చెప్తాలే' అంటూ కొట్టేవాళ్లు ఉంటారు. ప్రింట్ తీసుకుని, ఫోన్లో ఫొటో కూడా తీసుకుని బయటికి రా.

రోజూ వాట్సాప్ లింకులు చూడటం మానెయ్. ఆదివారం పొద్దున అరగంట మాత్రమే అప్లికేషన్ల పని అని పెట్టుకో. మిగతా రోజుల్లో ఎవరైనా లింకు పంపితే 'ఆదివారం చూస్తా' అను. ఆధార్ పని అయ్యాక నాకొక కార్డు ముక్క రాయి.

ఏలూరు నుంచి ఒక తండ్రి

మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. పదో తరగతి దాకా ఏలూరులోనే. వాడికి ఫోన్ ఉండదు కాబట్టి అప్లికేషన్లన్నీ నేనే చూస్తున్నాను. ఎక్సెల్ షీట్ పెట్టుకున్నాను, పదకొండు వరుసలు అయ్యాయి. జేఈఈ ఫారం నేనే నింపి, వాడు అందుబాటులో లేక సంతకం కూడా నేనే పెట్టి అప్‌లోడ్ చేశాను. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో హోమ్ స్టేట్ కోటాలో వస్తుందని నా ఆశ. కానీ ఈ మధ్య నాకే బీపీ పెరిగింది. ఔటింగ్ రోజున వాడితో మాట్లాడితే 'నీ ఇష్టం నాన్నా' అంటాడు, అంతే.

జవాబు:

అయ్యా, ముందు ఆ సంతకం సంగతి చూడండి. పరీక్ష హాల్లో మీ అబ్బాయి తన సంతకం పెడతాడు, ఫారంలో మీది ఉంటుంది. ఇది చిన్న తప్పు కాదు. కరెక్షన్ విండో తెరిచినప్పుడు ఏమేం మార్చుకోవచ్చో ఆ నోటీసులో రాసి ఉంటుంది. సంతకం అందులో లేకపోతే జేఈఈ నడిపే ఎన్‌టీఏ హెల్ప్‌డెస్క్‌కి జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టండి. వచ్చే ఔటింగ్‌కి తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో వాడి సంతకాలు నాలుగు, కొత్త ఫొటో తీసి దాచుకోండి. మిగతా ఫారాలకు పనికొస్తాయి.

రెండో విషయం మీకు చేదుగా ఉంటుంది. ఎన్ఐటీల్లో హోమ్ స్టేట్ అంటే సొంతూరు కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే చూస్తారు. మీవాడు హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే జోసా దృష్టిలో వాడు తెలంగాణ కుర్రాడు. హోమ్ స్టేట్ కోటా వరంగల్‌లో ఉంటుంది, తాడేపల్లిగూడెంలో ఇతర రాష్ట్రాల కోటాలో పోటీ పడాలి. రెండేళ్ల కింద హాస్టల్లో చేర్పించేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పరు కూడా. ఆంధ్రా ఈఏపీసెట్‌కి లెక్క వేరు. అక్కడ చివరి నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో చదవకపోతే, ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. ఆరు నుంచి పది దాకా ఏలూరులోనే కాబట్టి ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) పరిధిలో లోకల్ అయ్యే అవకాశం ఉంది, కానీ ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. మీ రాష్ట్రంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉందని మర్చిపోకండి. బయటి బోర్డు పిల్లలు ఆ మార్కుల వివరాలు విడిగా ఇవ్వాల్సి ఉంటుంది, దానికి ఒక వరుస మీ షీట్‌లో పెట్టండి. తెలంగాణ ఈఏపీసెట్‌లో మాత్రం నాన్ లోకల్. పైగా అక్కడ 2025లో నిబంధన మార్చారు, లోకల్ కోటా పోగా మిగిలే ఆ 15 శాతం సీట్ల మీద ఆశ వద్దు. ఆ వరుస కొట్టేయండి.

అలా కొట్టేస్తూ పోతే పదకొండులో నాలుగో ఐదో మిగులుతాయి. మిగిలినవి ప్రింట్ తీసి, ఔటింగ్ రోజున హోటల్లో బిర్యానీ తెప్పించాక వాడి ముందు పెట్టి, పెన్ను వాడికిచ్చి, 'నీకొద్దనుకున్నది కొట్టేయి' అనండి. ఏది కావాలని అడిగితే 'నీ ఇష్టం నాన్నా' అనే పిల్లలు ఏది వద్దో మాత్రం ఠక్కున చెబుతారు. నా అనుభవం ఇది. ఆ కాస్త సేపు కోడింగ్ గురించి, ప్యాకేజీల గురించి మాట్లాడకుండా ఉండగలిగితే ఉండండి. 'సీటు బ్లాక్ చేసుకోండి, ఇప్పుడే పాతిక వేలు కట్టండి' అని ఫోన్లు వస్తాయి, ఫలితాల ముందు మరీ ఎక్కువ. కట్టకండి. ఎక్కడా ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలిపెట్టి రాకండి. వాటిని కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

అన్నట్టు ఈ సీట్ల పంపకాన్ని 'కౌన్సెలింగ్' అని ఎవరు పేరు పెట్టారో గానీ, ఇన్నేళ్లలో అక్కడ ఎవరూ ఎవరికీ సలహా చెప్పగా నేను చూడలేదు. ఆ పని ఇంట్లోనే అవ్వాలి. బీపీ మాత్రం డాక్టరుకి చూపించుకోండి.

తెనాలి నుంచి ఒక పెద్దాయన

అమ్మా, నాకు డెబ్భై ఎనిమిది. మా మనవరాలు అమెరికాలో, న్యూజెర్సీలో పన్నెండో తరగతి. కాలేజీ అప్లికేషన్‌కి వ్యాసం రాయాలట, 'తాతయ్యా, నీ సైకిల్ షాపు గురించి చెప్పు' అని వీడియో కాల్‌లో అడుగుతోంది. మార్కులు చూసి సీటివ్వాలి గానీ తాత సైకిల్ షాపుతో వాళ్లకేం పని? మా అబ్బాయేమో 'నువ్వే మంచి ఇంగ్లిష్‌లో రాయించి పంపు నాన్నా, అదేమో టెన్షన్‌తో ఏడుస్తోంది' అంటున్నాడు. మాకు తెలిసిన ఇంగ్లిష్ మాస్టారు ఒకాయన ఉన్నారు. రాయించనా?

జవాబు:

వద్దు బాబాయిగారూ. మాస్టారిని ఇబ్బంది పెట్టకండి.

అక్కడి పద్ధతి వేరు. ఒకే ర్యాంకు, ఒకే వరస ఉండదు. కామన్ యాప్ అని ఒకే ఫారం నింపి ఇరవై కాలేజీల దాకా పంపుకోవచ్చు. మార్కులతో పాటు టీచర్ల ఉత్తరాలు, ఒక వ్యాసం చూస్తారు. ఆ వ్యాసం 650 మాటలు దాటకూడదు. మార్కుల్లో కనబడని పిల్ల ఆ వ్యాసంలో కనబడాలని వాళ్ల ఉద్దేశం. కాబట్టి తెనాలి మాస్టారి ఇంగ్లిష్ అందులోకి వస్తే మీ మనవరాలు మాయమైపోతుంది, పైగా అది వేరేవాళ్ల చేత రాయించడమే అవుతుంది. చాలా కాలేజీలకు ముందస్తు గడువు నవంబరు 1, మామూలు గడువు జనవరి మొదట్లో. పాప ఏడుస్తోందంటే మొదటిది దాటిపోయి ఉంటుంది. దాటితే కొంపేం మునగదు, రెండోది ఉంది కదా.

మీరు చేయాల్సింది కథ చెప్పడం. రాయడం దానికి వదిలేయండి. 'కష్టపడి పైకొచ్చాను' అంటే అది ఎవరి తాతైనా చెప్పే మాటే, ఆ పిల్లకి ఒక్క వాక్యం కూడా పుట్టదు. పంక్చర్ ఎక్కడుందో నీళ్ల తొట్టిలో బుడగలు చూసి ఎలా పట్టేవారో చెప్పండి. ట్యూబు మీద ఆకురాయి రుద్దిన చప్పుడు, సొల్యూషన్ వాసన. గంటకి ఎంతకు అద్దెకిచ్చేవారు, వేళకి తిరిగివ్వని కుర్రాళ్లని ఏమనేవారు. అద్దె సైకిల్ పోతే మీరు ఆ రాత్రి ఇంట్లో ఏం చెప్పారు. పాపని ఫోన్లో రికార్డు చేసుకోమనండి. మధ్యలో మీ అబ్బాయి దూరి 'అది కాదు నాన్నా, ఇది చెప్పు' అంటే కాల్ కట్ చేసి మళ్లీ చేయమనండి.

ఏ రెండు నిమిషాల దగ్గర పాప తనంతట తాను 'మళ్లీ చెప్పు' అంటుందో, అక్కడ దాని వ్యాసం మొదలవుతుంది. అది మీకంత గొప్పగా అనిపించని ముక్కే అయ్యుంటుంది. పట్టించుకోకండి.

మీ ఉత్తరంలో షాపు ఏ బజారులో పెట్టారో, మొదటి సైకిల్ ఎవరి దగ్గర కొన్నారో రాయలేదు. పాపకి చెప్పాక నాకూ ఒక ఉత్తరం రాయండి.